ఎర్ర పీలిక

ఆ గురువారం పొద్దున స్టీరింగమ్మ ఎడమ కాలు ఆమె మాట వినలేదు.

లాండ్రీకి కొత్తగా కుదిరిన ఆసుపత్రి గుట్ట మీద ఉంది. లోపలికి పోయే దారి ఏటవాలుగా పైకి ఎక్కుతుంది. సగం ఎత్తులో అడ్డంగా ఒక గేటు. అక్కడ ఆగాలి, కాపలాదారు గేటు ఎత్తాక మళ్ళీ కదలాలి. బండి నిండా ఉతికి మడతపెట్టిన దుప్పట్లు. స్టీరింగమ్మ క్లచ్ తొక్కిపట్టి ఆగింది. గేరు తీసేసి కాలికి విశ్రాంతి ఇవ్వచ్చు. కానీ తీసిన గేరు మళ్ళీ వెయ్యాలంటే ఆ క్లచ్‌నే ఇంకోసారి తొక్కాలి. అందుకని ఒకసారి తొక్కింది వదలకుండా పట్టుకునే అలవాటు చేసుకుంది.

కాపలాదారు ఎవరితోనో ఫోనులో మాట్లాడుకుంటూ తీరిగ్గా వచ్చాడు. గేటు లేచేసరికి ఆమె తొడలో నరం పట్టేసింది. కాలు దానంతట అదే పైకి వచ్చేసింది. బ్రేక్ మీంచి కుడి కాలు అప్పటికే లేచింది. ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది, ఆపైన బండి వెనక్కి జారింది. రెండడుగులు, అంతకన్నా ఎక్కువ లేదు. కానీ వెనకాల చక్రాల కుర్చీ తోసుకుంటూ ఒక నర్సు వస్తోంది.

హ్యాండ్ బ్రేక్ లాగేసి స్టీరింగమ్మ అద్దంలో చూసింది. నర్సు కుర్చీని పక్కకు తిప్పుకుని, ఆమె వైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం దాగుతుందా? బండి దిగి లాండ్రీలోకి నడిచే ఇరవై అడుగుల్లో ఆమె కాలే అంతా చెప్పేసింది.

ఆ లాండ్రీ ముందుభాగంలో పెద్ద హాలు, వెనకాల ఇల్లు. హాల్లో ఒక పక్క బాయిలరు, ఉతికే యంత్రాలు. అది మరిది రాజ్యం. ఇంకోపక్క ఇస్త్రీ బల్లలు, మడతల బల్ల. అది తోడికోడలి రాజ్యం. గుమ్మం బయట నిలబడే నీలం పికప్ బండి స్టీరింగమ్మది. ముగ్గురూ ఎవరి హద్దుల్లో వాళ్ళుండబట్టే ఇన్నేళ్ళు కలిసి ఉన్నామని తోడికోడలు అంటుంటుంది. స్టీరింగమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. ఆసుపత్రుల గేట్ల దగ్గర ఎవరో పెట్టిన పేరు నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చేసింది.

బండి ఒకప్పుడు ఆమె భర్త నడిపేవాడు. ఆయన చనిపోయిన ఏడాది, తన యాభైరెండో ఏట, మరిది పక్కన కూచుని నేర్పిస్తే ఈ బండి మీదే నేర్చుకుంది. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆవిరిలో, తడి గుడ్డల మధ్య నిలబడి పనిచేసిన మనిషి. మొదటిసారి ఒక్కతే ఊళ్ళో తిరిగి వచ్చిన రోజున ఏనుగెక్కినంత సంబరపడింది. అప్పటినుంచీ ఆ సీటు ఆమెకు ఇంట్లో ఉన్న గదికన్నా ఎక్కువ. గదిలో నిద్ర మాత్రమే పట్టేది. సీటులో ఊపిరి ఆడేది.

ఆ లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. ఏ మూటలోనైనా మరక పూర్తిగా పోకపోయినా, కుట్టు ఊడిన దుప్పటి కుట్టడం మిగిలిపోయినా, దానికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కడతారు. పని ఇంకా అవలేదు, మళ్ళీ చూడాలి అని అర్థం. కట్టినవాళ్ళే విప్పాలి. ఏం మిగిలిందో వాళ్ళకే తెలుసు గదా. విప్పిన పీలికలు పారెయ్యరు, మడతల బల్ల మీది రేకు డబ్బాలో వేస్తారు. ఆ పద్ధతి పెట్టింది స్టీరింగమ్మ భర్తే. పీలిక ఉన్న మూటను పొరపాటున బండెక్కిస్తే ఆయనకు ముక్కు మీదికి కోపం వచ్చేది.

గురువారం సాయంత్రం మరిది చేతులు తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. కాపలాదారు ఫోను చేసి చెప్పాడట. మరిది నెమ్మదైన మనిషి. కోపమొస్తే గట్టిగా అరవడు, బాయిలరు దగ్గరికి వెళ్ళి దాని మీటలు చూస్తూ నిలబడతాడు. ఆ రోజు మీటలేవీ చూడలేదు.

సోమవారం నుంచి ఆసుపత్రివాళ్ళు అన్ని వార్డుల దుప్పట్లూ తమ లాండ్రీకే ఇస్తున్నారనీ, రోజుకు రెండుసార్లు ఆ ఎత్తు ఎక్కాలనీ గుర్తు చేశాడు. తెలిసిన డ్రైవరు ఒకతను ఖాళీగా ఉన్నాడనీ, సోమవారం పొద్దున వచ్చేమన్నాననీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె మొహం చూడలేదు.

"నీ కాలు అలిసిపోయింది వదినా. ఇన్నేళ్ళు లాక్కొచ్చావు, చాలు. చక్రాల కుర్చీలో ఉన్నది ఎవరో ఏమో, ఏమన్నా అయ్యుంటే మనం తలెత్తుకోగలమా?"

కాలి మీద వాదించచ్చు, డ్రైవరు మీదా వాదించచ్చు. చక్రాల కుర్చీతో ఏం వాదిస్తుంది? సరేనంది.

మడతల బల్ల దగ్గర తోడికోడలు ఒక మూల జరిగి చోటిచ్చింది. ఇద్దరూ దుప్పటి రెండు చివర్లూ పట్టుకుని మడతపెడుతుంటే, స్టీరింగమ్మ మడత వంకరపోయింది. తోడికోడలు దాన్ని విప్పి మళ్ళీ పెట్టింది. "అక్కా, నువ్వు ఇక్కడే ఉండేట్టయితే నేను ఇంకో డ్రైవరును వెతుక్కోవాలి, మడతలకి," అంది. నవ్వించాలనే అంది. స్టీరింగమ్మ నవ్వలేదు.

శుక్రవారం పనయ్యాక తోడికోడలు మోకాలికి వేడినూనె రాసింది. పిక్క పిండుతూ, కండ రాయిలా ఉందని, ఇలాంటి కాలు అలిసిపోవడమేంటని గొణిగింది. నిజమే, ఆ ఎడమ పిక్క కుడిదానికన్నా లావు. ఆరేళ్ళ క్లచ్ పెంచిన పిక్క అది. స్టీరింగమ్మకు మాత్రం అందులో ఓదార్పేమీ దొరకలేదు. రాయైనా అరుగుతుందనుకుంది.

బండిది తప్పేమోనన్న ఆలోచన రాకపోలేదు. క్లచ్ గట్టిగా ఉందని బండ్లు బాగుచేసే మేస్త్రికి ఆమె ఎన్నోసార్లు చెప్పింది. మేస్త్రి షెడ్డు రెండు వీధుల అవతల. ఆమె భర్త ఉన్నప్పటి నుంచీ ఈ బండి అతని చేతిలోదే. చెప్పిన ప్రతిసారీ కేబుల్ మార్చేవాడు. కొన్నాళ్ళు కాస్త తేలిగ్గా ఉండేది, మళ్ళీ బిగిసేది. నాలుగు నెలల కిందటే నాలుగోది వేశాడు. కేబుల్ ఎలాగూ పోతుందని ఆమె సీటు కింద ఒక కొత్తది ఎప్పుడూ ఉంచుకునేది. ఈసారి అడిగితే ఇక గేర్‌బాక్స్ దించి లోపలున్న క్లచ్ అంతా మార్చాల్సిందేనన్నాడు. మూడు రోజులు బండి వదిలిపెట్టాలి. సోమవారం ముంచుకొస్తుంటే మూడు రోజులు ఎక్కడినుంచి తెస్తారు? పాత బండంటే ఇంతే వదినా అని మరిది మొదటి రోజునే అన్నాడు. ఆమె నడిపింది ఈ ఒక్క బండినే. క్లచ్ అంటే ఇలాగే ఉంటుందనుకుంది. లోకంలో డ్రైవర్లందరూ ఇంత బరువూ తొక్కుతూనే తిరుగుతున్నారనీ, తనకే చేతకావడం లేదనీ అనుకుంది.

శనివారం పొద్దున పక్కనున్న బేకరీ బండి లాండ్రీ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అదీ ఇలాంటి పికప్పే, రంగొక్కటే వేరు, వయసులో ఇంకో రెండేళ్ళు పెద్దది. బేకరీ అతను మోచేతుల దాకా పిండితో గుమ్మంలోకి వచ్చి, తాళం బండికే ఉందక్కా, నువ్వే కాస్త ముందుకు తీసెయ్యి అన్నాడు.

స్టీరింగమ్మ ఎక్కి కూచుంది. అలవాటు ప్రకారం సీటుకు వీపు ఆనించి, స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పళ్ళు బిగించి, ఎడమ కాలితో బలమంతా పెట్టి క్లచ్ తొక్కింది.

కాలు ధడాలున వెళ్ళి నేలకు కొట్టుకుంది.

పరాయి బండి విరగ్గొట్టానురా దేవుడా అనుకుంది. కాలు తీసింది. పెడల్ బుద్ధిగా పైకి వచ్చింది. ఈసారి నెమ్మదిగా తొక్కింది. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ తొక్కింది. బొటనవేలితో తొక్కి చూసింది. మడమతో తొక్కి చూసింది. తొక్కిపట్టి ఇరవై అంకెలు లెక్కపెట్టింది. కాలు వణకలేదు.

బేకరీ అతను చేతులు కడుక్కుని వచ్చేసరికి బండి అక్కడే ఉంది, ఆమె అందులో కూచుని పెడల్ తొక్కుతూనే ఉంది.

"ఏంటక్కా, కుట్టుమిషను అనుకున్నావా?"

ఈ క్లచ్‌కు కొత్తగా ఏమన్నా చేయించావా తమ్ముడూ అని ఆమె అడిగింది. తాను కొన్నప్పటి నుంచీ దాన్ని ముట్టుకోలేదన్నాడు. అందరి బండ్లకూ ఇంతేనా అని అడిగింది. మరి ఎంత ఉండాలక్కా అన్నాడతను, అయోమయంగా.

ఆమె బండి ముందుకు తీసి, దిగి, తలుపు వేసింది. లాండ్రీలోకి వెళ్ళి తోడికోడలి ఎదుట నిలబడింది.

"నా కాలు బాగానే ఉందే," అంది.

తోడికోడలు చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఆమె మొహం చూసి, తర్వాత కాలు చూసి, ఆ సంగతి నేను నిన్ననే చెప్పానుగా అంది.

ఆదివారం లాండ్రీకి సెలవు. ఇద్దరూ కలిసి బండిలో మేస్త్రి షెడ్డుకు వెళ్ళారు. తోడికోడలు ఊరికే కూచునే రకం కాదు. ఆసుపత్రి పైజామాల మూట ఒకటి వెంట తెచ్చుకుంది. ఉతికినప్పుడు బొందులు బయటికి వచ్చేసిన పైజామాలు, నలభై పైనే ఉన్నాయి. షెడ్డు మూల ఒక పాత టైరు మీద కూచుని, పిన్నీసుకు బొందు తగిలించి ఎక్కించడం మొదలుపెట్టింది.

మేస్త్రి మళ్ళీ గేర్‌బాక్స్ మాటే ఎత్తాడు. స్టీరింగమ్మ అడ్డుపడింది. దించేది తర్వాత సంగతి, ముందు బిగుసుకుంటున్నది ఎక్కడో చూపించమంది. పెడల్ దగ్గరా, కేబుల్ దగ్గరా, గేర్‌బాక్స్ దగ్గరా? మూడే చోట్లు. ఒక్కోటి విడదీసి చూద్దాం. దుప్పటి మీద మరకుంటే నేను దుప్పటంతా మార్చను మేస్త్రీ, మరక ఎక్కడుందో చూస్తాను అంది. మేస్త్రి తల గోక్కున్నాడు. ఆదివారం కాబట్టి వేరే బండ్లు లేవు, సరేనన్నాడు.

మొదట పెడల్ నుంచి కేబుల్ ఊడదీశాడు. ఆమె వంగి చేత్తో పెడల్ నొక్కింది. ఊయలలా అటూ ఇటూ ఆడింది. పెడల్ తప్పు లేదు.

తర్వాత బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ పక్కన కేబుల్ తగిలించే ఇనుప చెయ్యి ఒకటుంటుంది, దాని నుంచి కేబుల్ రెండో చివర విప్పాడు. ఆ చేతికి ఒక గొట్టం తొడిగి లాగి చూశాడు. బలంగానే ఉంది, కానీ ఎంత ఉండాలో అంతే ఉంది. ఎక్కడా పట్టెయ్యకుండా సాఫీగా వెళ్ళి సాఫీగా వచ్చింది. బండి కిందినుంచి మేస్త్రి గొంతు వినిపించింది.

"గేర్‌బాక్స్ దించక్కర్లేదమ్మా."

"ఆ ముక్క కాస్త బయటికి వచ్చి చెప్పు," అంది స్టీరింగమ్మ.

ఇక మిగిలింది కేబుల్. మేస్త్రి దాన్ని బయటికి లాగి బల్ల మీద తిన్నగా పరిచాడు. పైన నల్లటి గొట్టం, లోపల తీగ. ఆమె ఒక చివర పట్టుకుని లాగింది. తీగ సర్రున వచ్చింది. ఒక చోట కొద్దిగా గరగరమంది, అంతే. సీటు కిందున్న కొత్త కేబుల్ తెచ్చి అదీ లాగి చూసింది. అది ఇంకా బాగా జారింది. మేస్త్రి ఆ కొత్తదాన్ని బండిలో పాత దారినే ఎక్కించి, రెండు చివర్లూ తగిలించి, ఆమెను ఎక్కి తొక్కమన్నాడు.

ఆమె తొక్కింది. పాతదానికన్నా కాస్త నయం. కానీ బరువు బరువే. బేకరీ బండికీ దీనికీ పోలికే లేదు.

పెడల్ మంచిదే. గేర్‌బాక్స్ మంచిదే. కేబుల్ కొత్తది. మూడూ మంచివే, మూడూ కలిపితే చెడ్డది. మేస్త్రి చేతులెత్తేశాడు. ఇన్నేళ్ళ పనిలో ఇలాంటిది చూడలేదన్నాడు. స్టీరింగమ్మ సీటులోనే కూచుండిపోయింది. రేపు పొద్దున ఈ సీటులో ఇంకొకరు కూచుంటారు. కాలు బాగానే ఉందని తెలిశాక ఇది ఇంకా కష్టంగా ఉంది. కాలే పోయి ఉంటే మనసు సరిపెట్టుకునేది.

మూలనుంచి తోడికోడలు విసుగ్గా గొణుక్కోవడం వినిపించింది. పైజామా నడుము మడతలో బొందు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె లాగింది, రాలేదు. పిన్నీసు పట్టుకుని గుంజింది, అయినా రాలేదు. బొందు కొత్తదే, గుడ్డా చిరగలేదు. స్టీరింగమ్మ కూచున్నచోటు నుంచే అంది:

"లాగితే రాదే. ఎక్కడో గుడ్డ ముడుచుకుని ఉంటుంది చూడు. అది సాపు చెయ్యి, బొందు అదే వస్తుంది."

తోడికోడలు గుడ్డను వేళ్ళతో తడిమి, పక్క కుట్టు దగ్గర ముడుచుకుపోయిన చోటు సాపు చేసింది. బొందు జారిపోయి వచ్చింది.

స్టీరింగమ్మ బొందు వైపు చూసి, బానెట్ వైపు చూసింది. తర్వాత బండి దిగింది. బానెట్ కింద తలపెట్టి, కేబుల్ వెళ్ళే దారంతా వేలితో తడుముకుంటూ వెళ్ళింది. పెడల్ వెనకున్న రేకు గోడ దగ్గర బయటికి వస్తుంది, కాస్త దూరం తిన్నగా వస్తుంది, ఆపైన ఉన్నట్టుండి బ్యాటరీ స్టాండు వైపు పైకి లేచి, అక్కడ మోచేయి మడిచినట్టు మడిచి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ మడత దగ్గర కేబుల్‌ను స్టాండు కడ్డీకి పట్టి ఉంచింది ఒక తీగ చుట్ట. బట్టలు ఆరేసే ఆకుపచ్చ తీగ. మూడు చుట్లు తిప్పి, గుడ్డకు తగిలి చింపకుండా కొసను లోపలికి మడిచి దోపిన చుట్ట.

ఆ దోపడం ఎవరిదో ఆమెకు తెలుసు. ఇంటి పెరట్లో ఆరేసే తీగలన్నిటికీ అదే దోపు.

"ఇక్కడే కదా మేస్త్రీ," అంది. "ఇక్కడే కదా ముడుచుకున్నది."

మేస్త్రి అప్పటి సంగతి చెప్పాడు. ఆమె భర్త పోయిన కొత్తలో మొదటి కేబుల్ మార్చేటప్పుడు, ఆ కట్టు విప్పబోతే, ఆమె పక్కన నిలబడి ఆయన చేత్తో కట్టింది ముట్టుకోవద్దు అంది. అప్పటినుంచీ ప్రతి కేబులూ ఆ చుట్టలోంచే దూర్చి వేస్తున్నాడు.

"మడత ఎక్కువగా ఉందని ఒకసారి చెబుదామనుకున్నానమ్మా. మీ మొహం చూసి నోరు రాలేదు. తర్వాత్తర్వాత నేనూ దాన్ని చూడ్డం మానేశాను."

అతన్ని ఏమనగలదు? తానే ఆ చుట్టకు నాలుగు కేబుళ్ళు అర్పించింది. ఆమె తన కొంగుతో చుట్టకు పట్టిన మురికి తుడవబోయింది. తోడికోడలు కొంగు పట్టుకుని ఆపి, మేస్త్రి దగ్గరి పాత గుడ్డ కిరోసిన్‌లో ముంచి ఇచ్చింది. జిడ్డు పొరలు పొరలుగా వదిలింది. తీగ కింద ఇంకేదో ఉంది. నల్లటి ముద్ద, మేస్త్రి ఇన్నాళ్ళూ దాన్ని మట్టి అనుకున్నాడు. తుడవగా తుడవగా అది గుడ్డ అని తెలిసింది. ఇంకా తుడిస్తే దాని రంగు తెలిసింది.

ఎర్ర పీలిక.

ఇద్దరాడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రికి అర్థం కాలేదు. తోడికోడలు లాండ్రీ పద్ధతి చెప్పింది. అప్పుడు మేస్త్రి కేబుల్ కింది భాగంలో వేలు పెట్టి చూపించాడు. బండి ఒంటికి రెండు చిన్న కన్నాలు, వాటి చుట్టూ విరిగిన క్లిప్పు అంచు. కేబుల్‌ను పట్టి ఉంచే క్లిప్పు దారిలో ఎక్కడో విరిగి ఉంటుంది. కేబుల్ వేలాడితే పక్కనే ఉన్న పొగగొట్టం వేడికి మాడిపోతుంది. ఇల్లు చేరడానికని ఆయన దాన్ని పైకెత్తి దొరికిన తీగతో కట్టాడు. పని అవలేదు, మళ్ళీ చూడాలని పీలిక కట్టాడు. ఆ తర్వాత చూడడానికి ఆయనకు రోజులు మిగల్లేదు.

ఆయన అవలేదని గుర్తుపెట్టి వదిలిన పనిని, ఆమె ఆరేళ్ళు ఆయన గుర్తుగా కాపాడింది.

స్టీరింగమ్మకు నవ్వు వచ్చింది, దాంతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మేస్త్రి కటింగ్ ప్లేయరు అందించాడు. ఆమె అందుకుంది కానీ చెయ్యి ఆడలేదు. కట్టినవాళ్ళే విప్పాలి. ఇంట్లో ఆ మాట మీరినవాళ్ళు లేరు.

తోడికోడలు కిరోసిన్ గుడ్డ ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"బావగారు సెలవు పెట్టిన రోజున ఆయన కట్టిన పీలికలు ఎవరు విప్పేవాళ్ళక్కా?"

"నేనే."

"మరింకేం."

స్టీరింగమ్మ కొసను బయటికి లాగి, మూడు చుట్లూ ఒక్కోటిగా తిప్పి విప్పింది. తీగ కోయలేదు. పీలిక ముడి గట్టిగా ఉంటే పళ్ళతో లాగబోయింది కానీ తోడికోడలు చూపు చూసి మానుకుని, గోళ్ళతో విప్పింది. కేబుల్ ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకున్నట్టు తిన్నగా అయింది.

ఆపైన పని మేస్త్రిది. ఒక మందపాటి రేకు ముక్క కోసి, వంచి, కన్నాలు పెట్టి క్లిప్పు చేశాడు. కేబుల్ ఒరుసుకోకుండా పాత ట్యూబు ముక్క లోపల అంటించాడు. రెండు బోల్టులతో పాత కన్నాల దగ్గరే బిగించాడు. పొగగొట్టానికి జానెడు దూరంలో, చిన్న వంపుతో కేబుల్ దాని దారిన అది పడుకుంది. పెడల్ ఇరుసుకు కాస్త గ్రీజు రాశాడు. రాస్తూ, ఇది నేను ఎప్పుడో చేసి ఉండాల్సిందమ్మా అన్నాడు. నేను చెయ్యనిస్తేగా అంది ఆమె.

ఎక్కి కూచుంది. వీపు ఆనించబోయి ఆగింది. పళ్ళు బిగించబోయి ఆగింది. కాలు పెడల్ మీద పెట్టి, అడుగు వేసినంత మాత్రం బరువు వేసింది.

పెడల్ దిగింది.

ఆమె దిగి తోడికోడల్ని ఎక్కించింది. జన్మలో బండి నడపని తోడికోడలు పెడల్ ఒకసారి తొక్కి, ఇంతేనా, దీనికోసమా నా చేత నూనె రాయించుకున్నావు అంది.

సోమవారం పొద్దున కొత్త డ్రైవరు వేళకే వచ్చాడు. దిట్టంగా ఉన్నాడు, చొక్కా ఇస్త్రీ నలగలేదు. స్టీరింగమ్మ అప్పటికే సీటులో ఉంది. మరిదికి రాత్రే అంతా చెప్పారు, పెడల్ కూడా చేత్తో నొక్కి చూశాడు. అయినా ఆ ఎత్తు తన కళ్ళతో చూస్తేగానీ మనసు ఒప్పుకోదన్నాడు. తప్పు లేదు. ఫోనులో విన్న చక్రాల కుర్చీ అతని కళ్ళ ముందు నుంచి పోలేదు. సరే ఎక్కమంది. డ్రైవరునూ ఎక్కమంది. ముగ్గురూ ముందు సీటులో ఇరుక్కుని కూచున్నారు. వెనకాల గురువారంకన్నా రెట్టింపు దుప్పట్లు.

ఎత్తు మొదలైంది. సగంలో గేటు. మూసే ఉంది. కాపలాదారు ఫోనులో ఉన్నాడు. బండిని చూసి గుర్తుపట్టి, వెనకాల ఎవరన్నా ఉన్నారేమోనని ముందు అటు పరుగెత్తాడు.

ఆమె క్లచ్ తొక్కి, బ్రేక్ తొక్కి ఆగింది. సరిగ్గా ఆ చోటే. గేటు తెరవడానికి కాపలాదారు వస్తుంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తొందరేం లేదు, నీ ఫోను మాట్లాడుకో అంది. అతనికి ఏం చెయ్యాలో తోచక నిజంగానే మాట్లాడుకున్నాడు. మరిది ఆమె కాలు వైపే చూస్తున్నాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆ కాలు పెడల్ మీద పిల్లి కూచున్నంత నిశ్చింతగా కూచుంది.

గేటు లేచింది. ఆమె క్లచ్ మెల్లగా వదిలింది, కుడి కాలు బ్రేక్ మీంచి తీసి యాక్సిలరేటరు మీద వేసింది. బండి వెంట్రుకంత కూడా వెనక్కి జారలేదు. బరువంతా మోసుకుంటూ తిన్నగా పైకి ఎక్కింది. పైన వాకిట్లో, గురువారం నాటి నర్సు గోడ పక్కన నిలబడి ఉంది. బండిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. బండి ఆమెకు మూరెడు దూరంలో గుమ్మానికి ఆనుకుని, పువ్వు పెట్టినట్టు ఆగింది. నర్సు ఈసారి తల ఊపింది.

మరిది దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు, ఎందుకో అతనికే తెలియదు. కిటికీ దగ్గర ఆగాడు.

"పాత బండంటే ఇంతేనని నీకు చెప్పింది నేనే వదినా."

"నేను నమ్మాను గదా నాయనా, నాదీ అందులో సగం ఉంది. ముందు దుప్పట్లు దించు."

కొత్త డ్రైవరు దిగలేదు. రోజుకు రెండు సార్లు ఇంత సరుకు దించి ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు కావాలి గదా అని వినయంగా అడిగాడు. మరిది ఆమె వైపు చూశాడు. ఆమె డ్రైవరు చొక్కా ఇస్త్రీ వైపు చూసింది. మడతలు వచ్చా అని అడిగింది. ఇంట్లో బట్టలన్నీ తానే మడతపెడతానన్నాడు. మా చెల్లెలు మడతలకు మనిషి కోసం వెతుకుతోంది, మధ్యాహ్నం దాకా ఆమె దగ్గర, ఆ తర్వాత నా బండిలో సరుకు ఎత్తడానికి అంది. బండి నడిపేది మాత్రం నేను సెలవు పెట్టిన రోజునే అని కూడా అంది. సెలవు ఎప్పుడు పెడతారమ్మా అని అతను అడిగితే, మరిది మొదటిసారి పెద్దగా నవ్వాడు.

ఆ సాయంత్రం తోడికోడలు ఎర్ర పీలికను మూడుసార్లు సబ్బుతో ఉతికింది. నలుపు పోయింది కానీ అంచున ఒక గ్రీజు నీడ మిగిలింది. దాన్ని ఇస్త్రీ చేసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తెచ్చి, ఇది ఎక్కడ దాచిపెట్టుకుంటావక్కా, పెట్టెలోనా, ఫొటో వెనకాలా అని అడిగింది.

స్టీరింగమ్మ దాన్ని తీసుకుని వెలుతురుకు పెట్టి చూసింది. చేతిలో కాసేపు ఉంచుకుంది.

"దాచడమెందుకే. పని అయిపోయిందిగా," అంది.

మడతల బల్ల మీది రేకు డబ్బా మూత తీసి, మిగతా పీలికల మధ్య దాన్ని వేసింది. మర్నాడు పొద్దున ఎవరో ఏదో మూటకు కట్టడానికి చెయ్యి పెట్టి, దొరికిన పీలిక తీసుకున్నారు. అది ఏదో ఎవరూ చూడలేదు. స్టీరింగమ్మ అప్పటికే బండి తీసేసింది.